డిగ్రీ తర్వాత ప్రభుత్వ విధానం చదువులు: సర్టిఫికెట్ కోర్సుల గురించి మా మాట

డిగ్రీ చివరి పరీక్షలు దగ్గర పడ్డాయంటే మన హాస్టల్ గదుల్లో వినిపించే మాటలు అందరికీ తెలిసినవే. ఒకరు బి.ఇడి. అంటారు. ఒకరు గ్రూప్స్ కోచింగ్ అంటారు. ఒకరు కానిస్టేబుల్ పోస్టు కోసం తెల్లవారుజామునే లేచి పరుగు మొదలుపెడతారు. ఇంకొకరు ఇంటి పరిస్థితి చూసుకుని హైదరాబాదులో ఏ చిన్న ఉద్యోగమైనా ఫరవాలేదంటారు. ఇవన్నీ మంచి దారులే. మాలో చాలామందిమి వీటిలో ఏదో ఒక దారినే వచ్చాం. అయితే వీటి పక్కనే ఇంకొక దారి ఉంది. దాని పేరు మన నోటీసు బోర్డు మీద సాధారణంగా కనబడదు. దాన్ని పబ్లిక్ పాలసీ అంటున్నారు. తెలుగులో ప్రభుత్వ విధానం అనుకోవచ్చు.

డిగ్రీ పూర్తయినవాళ్ళ కోసం ఈ విషయంలోనూ, దీనికి దగ్గరి విషయాల్లోనూ మూడు నెలల నుంచి ఏడాది దాకా సాగే సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు చాలా వచ్చాయి. ఫోనులో ప్రకటనలు కూడా బాగానే వస్తున్నాయి. వీటిలో మనకు పనికొచ్చేవి ఏవి, డబ్బు దండగయ్యేవి ఏవి, ఎవరు చేరితే లాభం, ఎవరు చేరనక్కరలేదు అన్నది తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పాలని పూర్వ విద్యార్థులం కొందరం కలిసి ఈ వ్యాసం రాస్తున్నాం. మాలో ప్రభుత్వ ఉద్యోగులున్నారు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్ళున్నారు, సర్వేలు చేసేవాళ్ళున్నారు. అందరి అభిప్రాయం ఒకటి కాదు. కాబట్టి అందరం ఒప్పుకున్నవే ఇక్కడ రాశాం.

మెస్ ఛార్జీల లెక్క

ప్రభుత్వ విధానం అంటే ఏమిటో పుస్తకంలోని నిర్వచనంతో చెప్పే బదులు మనం రోజూ తినే అన్నంతో చెప్పుకుందాం.

2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం హాస్టళ్ళ డైట్ ఛార్జీలను 40 శాతం పెంచింది. 3 నుంచి 7వ తరగతి వరకు నెలకు 950 రూపాయలున్నది 1,330 అయింది. 8 నుంచి 10వ తరగతి వరకు 1,100 నుంచి 1,540 అయింది. ఇంటర్ నుంచి పి.జి. వరకు 1,500 నుంచి 2,100 అయింది. ఈ వార్త విని అందరం సంతోషించాం. సంతోషించాల్సిందే. ప్రభుత్వ విధానం చదివిన మనిషి మాత్రం అక్కడితో ఆగకుండా కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంటాడు.

నెలకు 1,540 అంటే రోజుకు 51 రూపాయల 33 పైసలు. పెంచక ముందు 36 రూపాయల 67 పైసలు. పొద్దున టిఫిను, రెండు పూటల భోజనం, గుడ్డు, సాయంత్రం చిరుతిండి అన్నీ కలిపి ఇంత. ఇందులో బియ్యం వాటా ఎంత, పప్పు, నూనె, కూరగాయల వాటా ఎంత? గ్యాస్ ఖర్చు ఎందులోంచి? ఇది మొదటి ప్రశ్న. ఇప్పుడు ప్రభుత్వం వైపు నుంచి చూద్దాం. 8 నుంచి 10వ తరగతి వరకు వందమంది పిల్లలున్న ఒక హాస్టల్‌కు ఈ పెంపు వల్ల నెలకు 44,000 రూపాయలు ఎక్కువ పడుతుంది. పది నెలలకు 4 లక్షల 40 వేలు. రాష్ట్రంలో ఇలాంటి హాస్టళ్ళు ఎన్ని, వాటిలో పిల్లలు ఎంతమంది అన్నది తెలిస్తే బడ్జెట్‌లో ఎంత సొమ్ము కావాలో మనమే లెక్క కట్టవచ్చు. ఆ సొమ్ము బడ్జెట్‌లో కేటాయించారా, కేటాయించినది విడుదలైందా, విడుదలైనది వార్డెన్ ఖాతాకు ఏ నెలలో చేరింది? ఈ మూడూ మూడు వేర్వేరు విషయాలు. జి.ఓ. వచ్చినంత మాత్రాన పళ్ళెంలోకి కూర రాదని హాస్టల్లో ఉన్నవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇంకొక ప్రశ్న ఉంది. అదే అన్నిటికంటే ముఖ్యమైనదని మా ఉద్దేశం. ధరలు ప్రతి ఏడాదీ పెరుగుతాయి. రేటు మాత్రం జి.ఓ. వచ్చినప్పుడే పెరుగుతుంది. ఈ రెంటికీ నడుమ గడిచే ఏళ్ళలో పెరిగిన ధర భారం ఎవరి మీద పడుతుంది? పప్పు పలచనవుతుంది, గుడ్డు తగ్గుతుంది. అంటే ఆ భారం పిల్లవాడి కడుపు మీద పడుతుంది. ప్రభుత్వ ఉద్యోగుల కరువు భత్యాన్ని ధరల సూచీని బట్టి ఏడాదికి రెండుసార్లు లెక్క కడతారు. పిల్లల అన్నానికి కూడా అలాంటి సూచీనే ముడిపెడితే ఎలా ఉంటుంది? ముడిపెడితే ఆర్థిక శాఖ ఏమంటుంది? లేదంటే డబ్బు రూపంలో కాకుండా సరుకుల రూపంలోనే ఎక్కువ భాగం ఇస్తే? 2015 జనవరి నుంచి తెలంగాణ హాస్టళ్ళకు సన్నబియ్యం ఇస్తున్నారు. అది సరుకు రూపంలో ఇచ్చిన సహాయం. బియ్యం ధర పెరిగినా పళ్ళెంలో అన్నం తగ్గదు. మరి కూరగాయలకు ఆ పద్ధతి కుదురుతుందా? దూరం నుంచి వచ్చేసరికి వాడిపోతాయి, కాంట్రాక్టరు పుచ్చువి పంపితే వార్డెన్ తిప్పి పంపగలడా?

ఇలా ఒక సమస్యను తీసుకుని, దాన్ని కొలిచి, రెండు మూడు ప్రత్యామ్నాయాలు పెట్టి, ఒక్కొక్క దానివల్ల ఎవరికి లాభం, ఎవరి మీద భారం అన్నది తూచి, చివరకు ఇది చేయండి అని రెండు పేజీల నోట్ రాయడమే ప్రభుత్వ విధాన విశ్లేషణ. కోర్సుల్లో నేర్పేది ప్రధానంగా ఇదే. దానికి కావలసిన అర్థశాస్త్రం, గణాంకాలు, రాజ్యాంగం, బడ్జెట్ చదవడం చుట్టూ ఉంటాయి.

ఆ నోట్ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మనం ఏం తినాలి, ఎన్ని జతల బట్టలు కట్టుకోవాలి, సబ్బుకు, నూనెకు ఎంత ఇవ్వాలి అన్నది ఆ నోట్‌లోంచే వస్తుంది. రాసే కుర్చీలో హాస్టల్ అన్నం తిన్నవాళ్ళు తక్కువ. ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటి అధికారులు హాస్టల్లో పెరగకపోయినా మన కష్టం తెలుసుకుని ఫైలు నడిపారు. 2010లో ఆయన పోయినప్పుడు ఎన్నో ఊళ్ళలో జనం సొంత మనిషిని పోగొట్టుకున్నట్టు ఏడ్చారు. అలాంటి అధికారి ఎప్పుడో ఒకసారి వస్తారని ఎదురుచూడటం కంటే మనలోనుంచే కొందరు ఆ పని నేర్చుకోవడం మంచిది.

అన్నట్టు, ఇది మనకు కొత్త చదువేమీ కాదు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళి ప్రధానంగా చదివింది అర్థశాస్త్రం. బ్రిటిష్ ఇండియాలో కేంద్రానికీ, రాష్ట్రాలకూ మధ్య ఆదాయం, ఖర్చు ఎలా పంచుకున్నారన్న దాని మీద ఆయన రాసిన పరిశోధన 1925లో పుస్తకంగా వచ్చింది. రూపాయి సమస్య మీద రాసిన పుస్తకం 1923లోనే వచ్చింది. 1925లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు కరెన్సీ గురించి వాంగ్మూలం ఇచ్చారు. ఆయన జయంతి నాడు మనం రాజ్యాంగం గురించి మాట్లాడుకుంటాం కానీ ఈ లెక్కల సంగతి అంతగా మాట్లాడుకోం.

సర్టిఫికెట్టా, డిప్లొమానా, డిగ్రీయా?

పేర్ల దగ్గరే చాలామంది తికమక పడతారు. గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అన్న మాట అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి వచ్చింది. అమెరికాలో సాధారణంగా నాలుగైదు సబ్జెక్టులు పూర్తి చేస్తే ఇస్తారు. చాలా విశ్వవిద్యాలయాల్లో తర్వాత మాస్టర్స్‌లో చేరితే ఆ సబ్జెక్టులను అందులో కలుపుకోవచ్చు. బ్రిటన్‌లో 60 క్రెడిట్లయితే పోస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్, 120 అయితే డిప్లొమా, 180 అయితే మాస్టర్స్ డిగ్రీ. మన దేశంలో ఈ స్థాయిలో ఎక్కువగా కనబడేది ఏడాది పి.జి. డిప్లొమా.

క్రెడిట్ అంటే కూడా తెలుసుకోవాలి. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 16 క్రెడిట్ల సర్టిఫికెట్ అంటే 480 గంటలు. రోజుకు రెండు గంటల చొప్పున ఎనిమిది నెలలు. పక్కన ఉద్యోగం చేస్తూ, కోచింగ్‌కు వెళుతూ ఇది కుదురుతుందా అన్నది చేరేముందే ఆలోచించుకోవాలి. ఆరు నెలల్లో అయిపోతుందని ప్రకటనలో రాసి ఉంటుంది. పుస్తకాలు మూలన పడి ఉండిపోయినవాళ్ళను మేము చాలామందిని చూశాం.

ఇంకొక సంగతి. జాతీయ విద్యావిధానం 2020 తర్వాత యు.జి.సి. తెచ్చిన చట్రం ప్రకారం రెండేళ్ళ పి.జి.లో మొదటి ఏడాది పూర్తిచేసి బయటికి వచ్చేవారికి పి.జి. డిప్లొమా ఇచ్చే వీలుంది. కాబట్టి ఎం.ఏ. సీటు చేతిలో ఉన్నవాళ్ళు దాన్ని వదులుకుని సర్టిఫికెట్ కోసం పోవలసిన పని లేదు. అలాగే 2022 ఏప్రిల్‌లో యు.జి.సి. ఒకేసారి రెండు కోర్సులు చదవడానికి అనుమతించింది. ఎం.ఏ. చదువుతూ దూరవిద్యలో డిప్లొమా కూడా చేయవచ్చు.

చేరేముందు అడగవలసినవి

కోర్సు పేరు చూసి మోసపోవద్దు. ముందుగా అడగవలసింది: దీనికి గుర్తింపు ఉందా? విశ్వవిద్యాలయం దూరవిద్యలోగాని, ఆన్‌లైన్‌లోగాని ఇచ్చే డిగ్రీలకు, డిప్లొమాలకు యు.జి.సి. దూరవిద్యా విభాగం అనుమతి ఉండాలి. ఆ జాబితా యు.జి.సి. వెబ్‌సైటులోనే ఉంటుంది, పది నిమిషాల్లో చూడవచ్చు. గుర్తింపు లేని ప్రైవేటు సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ చెడ్డదని మేము అనడం లేదు. కొన్ని బాగా నేర్పుతాయి. కానీ అది విశ్వవిద్యాలయ డిగ్రీ స్థానంలో చెల్లదు. ఈ తేడా తెలిసి చేరడం వేరు, తెలియక చేరడం వేరు.

తర్వాత స్కాలర్‌షిప్ సంగతి. మనకు ఇదే ప్రాణం. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ గుర్తింపు పొందిన సంస్థల్లోని గుర్తింపు పొందిన కోర్సులకే వస్తుంది. ఎస్.సి. విద్యార్థులకు కేంద్ర పథకం ప్రకారం కుటుంబ ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు. ప్రైవేటు సంస్థలు నడిపే మూడు నెలల సర్టిఫికెట్‌కు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుందని ఎవరైనా చెబితే, కాగితం మీద రాసివ్వమనండి. మాకు తెలిసిన ఒక అమ్మాయికి ఒక ప్రైవేటు సంస్థవాళ్ళు ఫోనులో ఇదే మాట చెప్పి అడ్వాన్సు కట్టించుకున్నారు. తర్వాత ఫోను ఎత్తలేదు. తండ్రి కూలి డబ్బు అది.

ఇందులోనే ఇంకొక మెలిక ఉంది. ఒక స్థాయి చదువు పూర్తిచేసి మళ్ళీ అదే స్థాయిలో వేరే సబ్జెక్టు చదివితే స్కాలర్‌షిప్ ఇవ్వరన్న నియమం ఈ పథకంలో ఎప్పటి నుంచో ఉంది. ఎం.ఏ. తర్వాత ఇంకొక ఎం.ఏ.కు రాదన్నమాట. మీరు స్కాలర్‌షిప్‌తో ఒక పి.జి. డిప్లొమా చేసి, తర్వాత ఎం.ఏ.కు వెళదామనుకుంటే, ఆ డిప్లొమాను ఏ స్థాయిగా లెక్క వేస్తారో జిల్లా సంక్షేమ కార్యాలయంలో ముందే అడగండి. ఒక చిన్న కోర్సు కోసం రెండేళ్ళ ఎం.ఏ. స్కాలర్‌షిప్ పోగొట్టుకోవద్దు. అనుమానముంటే స్కాలర్‌షిప్‌ను ఎం.ఏ.కే దాచిపెట్టుకుని, చిన్న కోర్సుకు తక్కువ ఫీజుదో, ఉచితమో చూసుకోవడం మేలు.

దగ్గరలో ఉన్నవి

డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎం.ఏ. ఉంది. సర్టిఫికెట్ చేసినా చేయకపోయినా, దాని డిగ్రీ స్థాయి ప్రభుత్వ పాలనాశాస్త్రం తెలుగు పాఠ్యపుస్తకాలు సంపాదించి చదవమని అందరికీ చెబుతాం. తెలుగు అకాడమి పుస్తకాలు కూడా ఉన్నాయి. ముందు తెలుగులో అర్థమైతే తర్వాత ఇంగ్లీషులో చదవడం సులువు.

ఇగ్నోలో గ్రామీణాభివృద్ధి, విపత్తుల నిర్వహణ, పట్టణ ప్రణాళిక వంటి వాటిలో పి.జి. డిప్లొమాలున్నాయి. మానవ హక్కుల సర్టిఫికెట్ ఉంది. జనవరి, జూలైలలో ఏడాదికి రెండుసార్లు ప్రవేశాలు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నంలలో ప్రాంతీయ కేంద్రాలున్నాయి కాబట్టి రెండు రాష్ట్రాలవాళ్ళకూ అనువైనది. గ్రామీణాభివృద్ధి డిప్లొమా మా వాళ్ళలో ఎక్కువమంది చేసింది. గ్రూప్స్‌కు చదివేవాళ్ళకు పంచాయతీరాజ్, సంక్షేమ పథకాల భాగం అందులో కొంత కలిసివస్తుంది.

రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ గురించి మనవాళ్ళకు తెలిసింది తక్కువ. హైదరాబాదులోనే ఉంది, కానీ మనలో ఎంతమంది గేటు లోపలికి వెళ్ళారు? అక్కడ ఏడాది రెసిడెన్షియల్ పి.జి. డిప్లొమా 2008లో మొదలైంది. తర్వాత దూరవిద్యలో గిరిజనాభివృద్ధి, సుస్థిర గ్రామీణాభివృద్ధి, గ్రామీణాభివృద్ధిలో భూ సమాచార సాంకేతికత వంటి డిప్లొమాలు వచ్చాయి. ఉపగ్రహ చిత్రాలతో, కంప్యూటర్ మ్యాపులతో చెరువులు, రోడ్లు, భూములు గుర్తించే పని నేర్పే ఆ చివరి కోర్సుకు మేము ఎక్కువ మార్కులేస్తాం. ఎందుకంటే అది చేతిపని. చూపించడానికి మీ చేతిలో ఒక మ్యాపు ఉంటుంది. అయితే ఈ సంస్థకు కేంద్రం ఇచ్చే నిధుల విషయంలో ఈమధ్య మార్పులు వచ్చాయి. అందువల్ల ఆ ఏడాది నోటిఫికేషన్ పడిందో లేదో చూసుకున్నాకే ప్రణాళిక వేసుకోండి.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం దూరవిద్యా కేంద్రం మానవ హక్కులలో పి.జి. డిప్లొమా నడిపింది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం మీడియా చట్టాలు, సైబర్ చట్టాలు వంటి వాటిలో డిప్లొమాలు నడిపింది. లా చదవనివాళ్ళు కూడా చట్టం చదవడం నేర్చుకోవడానికి ఇవి పనికొస్తాయి. నర్సింగ్, ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివిన చెల్లెళ్ళు హైదరాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ కోర్సులను కూడా చూడాలి. ఆరోగ్య రంగంలో ప్రభుత్వ విధానం తెలిసినవాళ్ళ అవసరం కరోనా కాలంలో అందరికీ అర్థమైంది.

ఇంట్లో కూర్చుని చేసేవి

గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ ఇన్ పబ్లిక్ పాలసీ అన్న పేరుతోనే కోర్సు నడిపే సంస్థ బెంగుళూరులోని తక్షశిల ఇన్‌స్టిట్యూషన్. పన్నెండు వారాలు, ఆన్‌లైన్. ఉద్యోగం చేసుకుంటూ చదవవచ్చు. టెక్నాలజీ, ఆరోగ్యం, రక్షణ, విదేశాంగం వంటి ప్రత్యేక విభాగాలు కూడా పెట్టారు. మార్కెట్ ఎక్కడ పనిచేస్తుంది, ప్రభుత్వం ఎక్కడ కలగజేసుకోవాలి అన్న ఆలోచన మీద అక్కడ బరువు ఎక్కువ. వాళ్ళ వాదనలన్నిటితో మనం ఏకీభవించనక్కరలేదు. రిజర్వేషన్ల మీద, సబ్సిడీల మీద వాదించవలసి వచ్చినప్పుడు అవతలివాళ్ళ తర్కం లోపలి నుంచి తెలిసి ఉండటం మనకు బలమే. ఇది యు.జి.సి. డిగ్రీ కాదు, ఫీజు మన జేబులోంచే పోతుంది. కాబట్టి చేతిలో ఉద్యోగం ఉన్న పూర్వ విద్యార్థులకు ఇది బాగుంటుంది. హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళకు మొదటి మెట్టుగా మేము చెప్పం.

డబ్బు లేనివాళ్ళకు ఉచిత దారులున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం వేదికలో ప్రభుత్వ పాలన, అర్థశాస్త్రం, గణాంకాల కోర్సులు ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం పరీక్ష రుసుము కట్టాలి. ఎన్.పి.టి.ఇ.ఎల్. పరీక్షల్లో ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులకు రాయితీ ఇస్తున్నారు.

అంతకంటే గట్టి కోర్సు కావాలంటే అమెరికాలోని ఎం.ఐ.టి. 2017లో మొదలుపెట్టిన మైక్రోమాస్టర్స్ చూడండి. గణాంకాలు, అర్థశాస్త్రం, విధాన రూపకల్పన కలిపిన కోర్సు. రూపొందించినవారిలో 2019లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఉన్నారు. పాఠాలు ఉచితం, పరీక్ష ఫీజు అభ్యర్థి ఆదాయాన్ని బట్టి ఉంటుంది. చేరడానికి డిగ్రీ కూడా అడగరు. గణితం మాత్రం గట్టిగా కావాలి. బి.ఎస్సీ., బి.కాం. వాళ్ళు ధైర్యంగా ప్రయత్నించవచ్చు. బి.ఏ. వాళ్ళు ముందు గణాంకాల ప్రాథమిక కోర్సు ఒకటి చేసుకుని వెళ్ళాలి.

ఇలాంటి కోర్సులు చదువుతుంటే మా వాళ్ళకు ఒక వింత అనుభవం ఎదురైంది. ఈ రంగంలో దేశదేశాల విద్యార్థులు చదివే ప్రసిద్ధ పరిశోధనల్లో మన మండలాలు ఉన్నాయి! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్రల స్మార్ట్ కార్డులతో ఇచ్చినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 157 మండలాల్లో, సుమారు 1 కోటి 90 లక్షల జనాభా ఉన్న ప్రాంతంలో దాన్ని పరిశీలించారు. లాటరీ పద్ధతిలో కొన్ని మండలాలకు కార్డులు ముందు, కొన్నిటికి తర్వాత అందేలా చేసి రెంటినీ పోల్చారు. కూలి త్వరగా అందిందనీ, మధ్యలో మాయమయ్యేది తగ్గిందనీ తేలింది. 2016లో ఆ పరిశోధన అచ్చయింది. మన అమ్మానాన్నలు వేలిముద్ర వేయడానికి వరుసలో నిలబడ్డ సంగతి ప్రపంచానికి పాఠమైంది. ఆ వరుసలో మధ్యాహ్నం దాకా నిలబడితే ఆ పూట కూలి పోతుందని, అరిగిన వేళ్ళకు యంత్రం ఒప్పుకోదని మనకు తెలుసు. ఆ తెలిసినదాన్ని లెక్కతో సహా రాయగలగాలి.

విదేశాలకు వెళ్ళాలనుకునేవాళ్ళకు

అమెరికా, బ్రిటన్ విశ్వవిద్యాలయాల సర్టిఫికెట్ కోర్సుల గురించి అడిగేవాళ్ళు పెరిగారు. సూటిగా చెబుతాం: మన స్కాలర్‌షిప్‌లతో అక్కడ సర్టిఫికెట్ చదవడం కుదరదు. కేంద్ర సాంఘిక న్యాయ మంత్రిత్వ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మాస్టర్స్‌కు, పిహెచ్.డి.కి మాత్రమే. ఏడాదికి 125 సీట్లు, ఆదాయ పరిమితి 8 లక్షలు, వయసు 35 లోపు. 2022లో మార్చిన నిబంధనల్లో భారతదేశ సంస్కృతి, చరిత్ర, సామాజిక అధ్యయనాల మీద చదువుకు విదేశీ సహాయం ఇవ్వబోమని పెట్టారు. ఆ నిర్ణయం అన్యాయమని మా అభిప్రాయం. దరఖాస్తులో విషయం రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది, అదీ పి.జి., ఆపై చదువులకే. అందుకని ఇక్కడ ఒక సర్టిఫికెట్ చేసి, దాంతో మంచి దరఖాస్తు తయారుచేసుకుని, అక్కడ మాస్టర్స్‌కు వెళ్ళడం సరైన వరస.

ఉద్యోగం వస్తుందా?

ఇది అడగనివాళ్ళు లేరు. సర్టిఫికెట్ ఒక్కదానితో ప్రభుత్వ ఉద్యోగం రాదు. గ్రూప్ 1, గ్రూప్ 2 పరీక్షలకు డిగ్రీ చాలు, ఈ సర్టిఫికెట్‌కు అదనపు మార్కులు లేవు. వచ్చే ఏడాది పరీక్ష రాయబోతూ ఇంట్లో గడువు పెట్టినవాళ్ళు ఇటు చూడకుండా పరీక్షకే చదవండి. ఎవరికి లాభమంటే, సర్వే సంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధన సంస్థల్లో పని వెతికేవాళ్ళకు, ఇప్పటికే ఏదో శాఖలో జూనియర్ అసిస్టెంటుగానో, పంచాయతీ కార్యదర్శిగానో ఉండి పనిలో ఎదగాలనుకునేవాళ్ళకు. పల్లెల్లో తిరిగి తెలుగులో మాట్లాడి, ఇంగ్లీషులో నివేదిక రాయగలిగినవాళ్ళు ఈ సంస్థలకు దొరకడం కష్టంగా ఉంది. ఆ రెండూ చేయగలిగేది మనమే.

ఒక ఫెలోషిప్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఢిల్లీలోని పి.ఆర్.ఎస్. లెజిస్లేటివ్ రీసెర్చ్ 2010 నుంచి లాంప్ ఫెలోషిప్ నడుపుతోంది. ఏ డిగ్రీ అయినా సరే, వయసు 25 లోపు ఉండాలి. ఎంపికైనవాళ్ళు దాదాపు ఏడాదిపాటు ఒక పార్లమెంటు సభ్యుడి దగ్గర ప్రశ్నలు తయారుచేయడం, బిల్లుల మీద నోట్స్ రాయడం చేస్తారు. నెలనెలా స్టైపెండ్ ఉంటుంది. ఫీజు కట్టి నేర్చుకునేదాన్ని జీతం తీసుకుని నేర్చుకోవడమన్నమాట. హాస్టళ్ళ నుంచి దీనికి దరఖాస్తులే వెళ్ళడం లేదు. వయసు దాటిపోకముందే పంపండి.

ఇంగ్లీషు భయం గురించి ఒక్క మాట. ఈ కోర్సుల్లో చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి. మాలో చాలామందిమి పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ముగ్గురు నలుగురు కలిసి ఒకే కోర్సులో చేరండి. ఒకరు పాఠం విని మిగతావాళ్ళకు తెలుగులో చెప్పాలి, తర్వాత అందరూ కలిసి జవాబు ఇంగ్లీషులో రాయాలి. మేము చేసింది ఇదే. వాక్యం చిన్నదిగా, తప్పు లేకుండా ఉంటే చాలు. పాలసీ నోట్‌కు అలంకారాలు అక్కరలేదు.

ఫీజు కట్టేముందు ఈ చదువు మీకు నచ్చుతుందో లేదో పైసా ఖర్చు లేకుండా తెలుసుకునే పద్ధతి ఒకటుంది. 2017 నాటి తెలంగాణ షెడ్యూల్డ్ కులాలు, తెగల ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తీసుకోండి. ఆ ఏడాది ఖర్చు కాని నిధుల సంగతి వచ్చే ఏడాది ఏం చేయాలని అందులో ఉందో చదవండి. తర్వాత మీ జిల్లాలో ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది అని సమాచార హక్కు కింద అడగండి. రుసుము మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు, దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవాళ్ళకు ఉచితం. 30 రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన జవాబుతో రెండు పేజీల నోట్ రాయండి. రాస్తుంటే ఇంకా తెలుసుకోవాలనిపిస్తే కోర్సులో చేరండి, విసుగొస్తే వదిలేయండి. రాసిన నోట్ వార్షికోత్సవం రోజున తీసుకువస్తే మేము కూర్చుని చదువుతాం, ఎర్ర పెన్నుతో దిద్దుతాం. లాంప్ దరఖాస్తు నింపేవాళ్ళుంటే అదీ తీసుకురండి.